పిలుపుకు పలకనివాళ్ళ ఊళ్ళలో

నారాయణపేట వెళ్ళవలసిన మనిషి యాదగిరిగుట్ట బస్సు ఎందుకెక్కిందని మా స్కూల్లో అందరూ అడిగారు. హైదరాబాదు నుంచి చూస్తే ఒకటి ఈశాన్యం, ఇంకోటి నైరుతి. పటం చూడక కాదు, చూసే వెళ్ళాను. ఆ రోజుల్లో నాకు దిక్కులకంటే మాటలు ఎక్కువ తప్పిపోతుండేవి.

సంగతి చెబుతాను. నేను పుట్టి పెరిగింది రేపల్లెలో. రాష్ట్రం ఒకటయ్యాక హైదరాబాదులో ఒక ఆడపిల్లల హైస్కూలుకు ఇంగ్లీషు టీచరుగా వచ్చాను. సాయంత్రాలు తోచక ఒక పుస్తకం తెలుగు చేయడం మొదలుపెట్టాను. అమెరికాలో బానిసగా పుట్టి, తప్పించుకుని బయటపడ్డ ఒక నల్లజాతి స్త్రీ తన బతుకు గురించి తానే రాసుకున్న పుస్తకం అది. అలా రాసుకున్నవాళ్ళు ఆ దేశంలో చాలామంది ఉన్నారట. నేను ఇంకో మూడు చదివాను. అందరూ ఏదో ఒక విధంగా ఎదురుతిరిగినవాళ్ళే. ఒకడు దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుంటాడు. ఒకడు అడవిలో పడి పారిపోతాడు. ఒకామె లేని జబ్బు తెచ్చుకుని మంచం దిగదు.

నా పుస్తకంలో ఆవిడ మాత్రం చిత్రమైన మనిషి. ఒక పొద్దున వంటింట్లో పిండి పిసుకుతూ ఉంటే యజమానురాలు మేడ మీంచి పిలిచింది. "విన్నాను, పలకలేదు" అని రాసుకుంది. అంతే. ఆ తరవాత రెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. దెబ్బలు తింది. అయినా తనకు విడుదల దొరికింది ఆ పొద్దునేనని అంటుంది. నాకు అర్థం కాలేదు. పిలిస్తే పలకకపోవడం మా ఇంట్లో రోజూ జరిగేదే, అందుకు మా అమ్మ చేతిలో మొట్టికాయలు కూడా తిన్నాను. అందులో విడుదల ఏముంది?

పైగా ఆవిడ రోజూ పిలుపుకు పలికే మాట ఒకటుంది. దానికి తెలుగు దొరకలేదు. "చిత్తం" అని రాస్తే నాటకంలో భటుడు గుర్తొస్తున్నాడు. "అలాగేనమ్మగారూ" అంటే మా పాలమనిషి గుర్తొస్తోంది. అన్న మాటే సరిగా కుదరనప్పుడు అనని మాట బరువు చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఈ గందరగోళంలో ఉండగా మా స్కూల్లో నాతో పనిచేసే రుక్మిణి దసరా సెలవులకు ఊరికి పోయి కార్డు రాసింది. వాళ్ళది నారాయణపేటలో చీరలు నేసే ఇల్లు. "మా ఇంట్లో కండెలు చుట్టే లచ్చవ్వ అని ఒకామె ఉంది అక్కా. పూర్వం ఒక దొరల గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఉండేది. ఊరి బయట పేదలకు ఇంటి జాగాలు ఇస్తున్నారు. తాసీల్దారు శుక్రవారం ఊళ్ళోకి వచ్చి దరఖాస్తులు చూస్తాడు. ఆ రోజు దాటితే లేనట్టే. ఇప్పటికి రెండుసార్లు రాయించాం. రెండుసార్లూ వేలిముద్ర వేయను అని లేచిపోయింది. ఎందుకో చెప్పదు. నువ్వొచ్చి రాసిపెట్టు. నీ పుస్తకానికి కూడా ఏమన్నా దొరుకుతుంది."

కార్డు సోమవారం అందింది. శుక్రవారానికి ఇంకా బోలెడు టైముంది కదా అనుకుని, మంగళవారం పొద్దున్నే యాదగిరిగుట్ట బస్సెక్కాను. అక్కడ గొప్ప పండితులు ఒకరున్నారని, ఆయనకు తెలియని మాట ఉండదని ఎవరో చెప్పారు.

యాదగిరిగుట్ట

నరసింహస్వామి దర్శనం బాగా అయింది. పులిహోర ఇంకా బాగుంది, మా వైపుకంటే పులుపు తక్కువ, మిరియం ఎక్కువ. ఆచార్యులవారు గుట్ట కింద ఒక చిన్న పెంకుటింట్లో ఉంటారు. ఎనభై దాటిన మనిషి. నన్ను చూసి లేచి నిలబడి చేతులు జోడించి, "అడియేన్ ఇంటికి దయచేశారు, ధన్యత" అన్నారు. అడియేన్ ఎవరో, ఇంట్లో ఉన్నారో లేదో అని నేను ఇటూ అటూ చూశాను.

"అడియేన్ అంటే నేనేనమ్మా," అని నవ్వారాయన. "మా సంప్రదాయంలో 'నేను' అనం. 'మీ పాదాల దగ్గరుండే దాసుణ్ణి' అని దాని అర్థం. 'నేను' అంటే అహంకారం వస్తుంది కదా."

"ఎప్పుడూ అనరా?"

"అనవలసిన పని పడలేదు తల్లీ. స్వామికి దాసుణ్ణి, స్వామి భక్తులకు దాసుణ్ణి. ఆ మాట అన్నప్పుడల్లా నోరు తీపవుతుంది."

నా పుస్తకం గురించి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు. దాసి, పరిచారిక, సేవకురాలు, కైంకర్యపరురాలు అని వరసగా మాటలు ఇచ్చారు. అన్నీ రాసుకున్నాను. ఒక్కటీ వంటింట్లో పిండి పిసికే ఆవిడ నోటికి సరిపోలేదు. ఒకావిడ ఆ పిలుపు నుంచి తప్పించుకోవడానికి వీపు చీరించుకుంటే, ఈయన అదే మాటను తులసిమాలలా మెళ్ళో వేసుకున్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆవిడా చెప్పడం లేదు. ఇద్దరిలో ఎవరి మాట రాసుకోవాలో తెలియక, ఇచ్చిన ప్రసాదం తిని గుట్ట దిగాను.

అనుకోకుండా నల్లగొండ

సాయంత్రానికి హైదరాబాదు చేరి, మర్నాడు నారాయణపేట బండి పట్టుకోవాలన్నది నా ఏర్పాటు. బస్సు మీద ఊరి పేరు ఉర్దూలో ఉంది. నాకు ఉర్దూ రాదు. "పోతాందా?" అని కండక్టర్ని అడిగాను, వాళ్ళ మాటలోనే అడిగానని కాస్త గర్వం కూడా. "పోతాంది, జల్ది ఎక్కమ్మా," అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు, ఎక్కడికో అతను చెప్పలేదు. రెండు గంటల తరవాత కిటికీలోంచి నల్లగొండ కొండలు కనిపించాయి.

నా ఏడుపు మొహం చూసి పక్కసీట్లో పెద్దావిడ, "నీ బాంచెన్, ఏడువకమ్మా. జర జరుగు, నేను గూసుంట," అంది. తరవాత టిక్కెట్టు పోగొట్టుకున్న ఒక ముసలాయన కండక్టరుతో "బాంచెన్, ఈడనే వెట్టిన" అన్నాడు. దిగేటప్పుడు ఎవరో "బాంచెన్, మూట అందియ్యి" అన్నారు. ఓహో, ఇది ఇక్కడి "అండీ" కాబోలు అనుకున్నాను. మేము ప్రతి మాటకూ వెనక అండీ తగిలిస్తాం, వీళ్ళు ముందు బాంచెన్ తగిలిస్తారు. ఎంత మర్యాద! నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా: "బాంచెన్ = అండీ."

నల్లగొండలో ఒక విధవరాలు భోజనం పెట్టే ఇంట్లో దిగాను. అన్నంలోకి పచ్చిపులుసు అని గిన్నెడు వడ్డించింది. ఉల్లిపాయ ముక్కలు తేలుతున్న చింతపండు నీళ్ళు. ఇంకా కాయలేదేమో, తరవాత కాస్తుందేమో అని నేను చేయి కడుగుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆవిడ కూడా నేనెందుకు తినడం లేదా అని ఎదురుచూస్తూ కూర్చుంది. చివరికి, "గదేందమ్మా, పచ్చిపులుసు కాస్తరా ఎవరన్న?" అని కడుపుబ్బ నవ్వింది. తిన్నాక తెలిసింది, దాన్ని కాయడం పాపమే. మూడుసార్లు పోయించుకున్నాను.

దేవరకొండ దారిలో

వెనక్కి హైదరాబాదు పోవడం దేనికి, దేవరకొండ మీదుగా పాలమూరు పొమ్మన్నారు. పాలమూరంటే మహబూబ్‌నగరే. బుధవారం పొద్దున ఆ బస్సెక్కాను. రెండువైపులా ఎర్రనేల, బండలు, వాటి మధ్య గొర్రెలమందలు. మా డెల్టాలో పచ్చగా లేని జాగా కోసం వెతకాలి, ఇక్కడ పచ్చగా ఉన్నదాని కోసం వెతకాలి. అయినా గట్ల మీద తంగేడు ఎంత విరగబూసిందంటే కళ్ళు చెదిరాయి.

నా పక్కన గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు "మేకకు కిరాయి ఇయ్యాలె" అని నాలుగుసార్లు అరిచాడు. "ఆఁ?" అన్నాడు ముసలాయన. ఐదోసారి కండక్టరు విసుక్కుని వెళ్ళిపోయాడు. "చెవిటి మల్లయ్య అమ్మా, ఏం ఇనవడదు," అని వెనకసీటు వాళ్ళు చెప్పారు. సరే, నేనూ నా టీచరు గొంతు ఎత్తి, "ఏ ఊరు తాతా!" అని బస్సంతా అదిరేలా అడిగాను.

ఆయన నా వైపు వంగి, "జర మెల్లగ మాట్లాడమ్మా. నా చెవులు మంచిగనే ఉన్నయి," అన్నాడు.

బిత్తరపోయాను. బస్సు రొదలో నాకొక్కదానికే వినపడేలా చెప్పుకుంటూ వచ్చాడు. పద్నాలుగేళ్ళ వయసు నుంచి దొర దగ్గర గొర్లు కాసేవాడట. "జీతమున్న" అన్నాడు. మాకు జీతమంటే ఒకటో తారీకున సంతకం పెట్టి తీసుకునేది. ఆయనకు జీతమంటే నాయిన వెట్టి చేసిన దొర దగ్గరే తనూ ఉండడం, కదలడానికి వీల్లేకపోవడం. పగలంతా మంద వెనక తిరిగి వచ్చి కూర్చుంటే దొర పిలుస్తాడు. కాళ్ళు పిసకాలి, నీళ్ళు తోడాలి.

"దొర ఒక్క పిలుపు పిలిస్తె ఉరుకాలె. రెండోసారి పిలిపిచ్చుకున్నోడు మనిషి గాదు. ఒకపాలి జరమొచ్చి చెవులు దిబ్బడేసినయి. నిజంగనే ఇనవళ్ళె. దొర ఒర్రి ఒర్రి, వీడు చెవిటోడైండు, ఇంకొకన్ని పిలువుండ్రి అన్నడు. నాలుగు దినాలకు చెవులు మంచిగైనయి. నేను జెప్పలే."

"ఎన్నాళ్ళు చెప్పలేదు?"

"దొర సచ్చేదాంక. పదారేండ్లు."

"మరి ఇప్పుడెందుకు చెవిటివాడిగా ఉన్నావు? ఇప్పుడు దొర లేడు కదా."

"నా పెండ్లాం గూడ చెవిటోన్నే అనుకుంటది. ఇగ ఇప్పుడు ఇనవడుతున్నదంటే ఇన్నేండ్ల లెక్క అడగదా?" అన్నాడు. అని మేకపిల్ల తల నిమురుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను, ఆయన నవ్వడం లేదు. దేవరకొండలో ఎవరో "ఓ మల్లయ్యా, గీడనే దిగు" అని కేకేస్తే తలైనా తిప్పకుండా, తనంతట తానే లేచి దిగాడు.

అమెరికాలో జబ్బు నటించిన ఆమె గుర్తొచ్చింది. ఆమె గెలిచినట్టు పుస్తకంలో ఉంది. మల్లయ్య గెలిచాడా, తను కట్టుకున్న దాంట్లో తనే ఉండిపోయాడా? పాలమూరు వచ్చేదాకా తేల్చుకోలేకపోయాను.

పాలమూరు

బస్టాండులో సీతాఫలాలు గుట్టలుగా పోశారు. మా వైపు లెక్కపెట్టి అమ్ముతారు. "డజను ఎంత?" అంటే అమ్మేవాడు నన్ను జాలిగా చూసి అర్ధరూపాయికి బుట్టెడు చేతిలో పెట్టాడు. హోటల్లో నా కొత్త మర్యాద ప్రయోగించి "బాంచెన్, మంచినీళ్ళు" అన్నాను. సర్వరు నోరు తెరిచి చూసి, నవ్వుతూ లోపలికి పరిగెత్తాడు. లోపలినుంచి ఇద్దరు తొంగిచూశారు. నా ఉచ్చారణ బాగా కుదిరిందని సంతోషించాను.

నారాయణపేట

గురువారం పొద్దెక్కాక చేరాను. ఊళ్ళో అడుగుపెడితే ప్రతి ఇంట్లోంచి మగ్గం చప్పుడే. తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ కలిపి మాట్లాడతారు, ఏ మాట ఏ భాషదో వాళ్ళకే పట్టింపు లేదు. రుక్మిణి వాళ్ళ బాపు గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి ఎర్రంచు చీర నేస్తున్నాడు. తలెత్తి, "వచ్చినవా పంతులమ్మా, నిన్ననే వస్తవనుకున్నం," అన్నాడు. రుక్మిణి ఇంట్లో లేదు, దుకాణానికి పోయింది.

పక్కన వసారాలో రాట్నం ముందు ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పొట్టి మనిషి, తెల్లజుట్టు, గట్టి ముంజేతులు. ఎడమచేత్తో నూలుపోగు పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ మగ్గానికి కావలసిన కండెలు చుడుతోంది. లచ్చవ్వ ఈవిడేనని తెలుస్తూనే ఉంది. మంచి చేసుకోవాలి కదా అని ఎదురుగా వెళ్ళి, రెండు చేతులూ జోడించి, నా శక్తికొద్దీ మర్యాదగా, "బాంచెన్, కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాను.

రాట్నం ఆగింది. మగ్గం కూడా ఆగింది.

లచ్చవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. కోపం లేదు గాని ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఎవరి బాంచెవు బిడ్డా నువ్వు?" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరి అంటే... మర్యాదకి అన్నాను అవ్వా. ఇక్కడ అందరూ అంటున్నారు కదా."

"అంటరు. నేను అడుగుతున్న. నువ్వు ఎవరి బాంచెవు? నిన్ను ఎవరన్న కొన్నరా? పెండ్లిపిల్ల ఎంబడి తోలిన్రా?"

అప్పుడే వచ్చిన రుక్మిణి గుమ్మంలో చేతిసంచీ పడేసి తల పట్టుకుంది. "అయ్యో అక్కా! బాంచె అంటే బానిసది. బాంచెన్ అంటే 'నేను నీ బానిసను' అని."

బస్సులో పెద్దావిడ, టిక్కెట్టు ముసలాయన, మూట మనిషి, అందరూ ఒక్కసారి కళ్ళముందు తిరిగారు. రోజంతా ఎవరికి పడితే వాళ్ళకు "నేను నీ బానిసను" అని చెప్పుకుంటూ తిరిగే మనుషులు, అలా అంటున్నామని వాళ్ళకే గుర్తులేదు. హోటల్లో నా మాటకు ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అదే సమయంలో, చెప్పుకోవడానికి ఇంకా సిగ్గు, నా లోపల ఉన్న అనువాదకురాలు ఎగిరి గంతేసింది. నేను వెతుకుతున్న మాట అదే.

లచ్చవ్వ లేచి లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "తాగు. ఇంకోపాలి అనకు," అంది.

గడీ సంగతి

మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ చెప్పింది. రొట్టె విరిచి నా పళ్ళెంలో తనే వేసింది. తనకు పదేళ్ళప్పుడు దొరసాని పెళ్ళయి అత్తారింటికి వస్తుంటే ఇత్తడి బిందెలు, రెండు పాడావులు, వాటితోపాటు లచ్చిని పంపారు. "బిందెలకు పేర్లు చెక్కిచ్చిన్రు, నాకు చెక్కియ్యలే," అని నవ్వింది. అప్పటినుంచి గడీలోనే. పిలవగానే బాంచెన్ అనాలి. పలికాక పరిగెత్తాలి. రెండో పిలుపు దాకా పోకూడదు.

"ఒకదినం పెరట్ల బియ్యం చెరుగుతున్న. దొరసాని పిలిచింది. ఇనవడ్డది. నోరు రాలే."

"ఎందుకవ్వా?" నేను ముందుకు వంగాను. నా పుస్తకంలో జవాబు లేని ప్రశ్న అది.

"ఏమో బిడ్డా. నోట్ల పోకవక్క ఉండె."

"వక్క ఉంటే పలకలేరా?"

"పలుకొచ్చు. వక్క ఊంచి పలుకొచ్చు. గట్లనే గూసున్న. చేటల బియ్యం జూసుకుంట గూసున్న. మూడుసార్లు పిలిచింది. సచ్చిందేమో చూడుండ్రి అన్నది. వచ్చి జూసిన్రు, బతికే ఉన్న." కాసేపు రొట్టె నమిలింది. "దెబ్బలు వడ్డయి. గని ఆ మాట మల్ల రాలే. రమ్మన్నా రాలే. నేను ఆపిన్నంటవా? ఆపలే. అదే రాలే."

దొరలు గడీ విడిచి పట్నం పోయేటప్పుడు పనివాళ్ళందరినీ బండెక్కమన్నారట. లచ్చవ్వ ఎక్కలేదు. ఎప్పుడూ పెరటి దర్వాజాలోంచి తిరిగే మనిషి ఆ రోజు పెద్ద దర్వాజాలోంచి బయటికి నడిచి, ఎటు పోవాలో తెలియక, దారిలో మగ్గం చప్పుడు వినపడ్డ ఇంటిముందు ఆగింది. అది రుక్మిణి వాళ్ళ తాత ఇల్లు.

ఆచార్యులవారి మాట గుర్తొచ్చి, "దేవుడికైనా బాంచెన్ అనవా అవ్వా?" అని అడిగాను.

"దండం వెడ్త. ఆయన నన్ను ఎన్నడు కేకేసి పిలువలే. ఆయన మీద నాకేం కోపం లేదు."

ఈ జవాబు ఆచార్యులవారికి వినిపిస్తే ఏమంటారో! ఆయనే ఒప్పుకుంటారేమో కూడా. నాకు మాత్రం ఇప్పటికీ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం చేతకావడం లేదు.

విధేయురాలు

రొట్టెలయ్యాక తెల్లకాగితం ముందేసుకున్నాను. నా చేతిరాత బాగుంటుందని స్కూల్లో పేరు. తాసీల్దారు గారి సముఖమునకు అని మొదలుపెట్టి, వయసు, ఒంటరితనం, ఇల్లు లేకపోవడం అన్నీ చక్కగా రాసి చదివి వినిపించాను. లచ్చవ్వ ప్రతి వాక్యానికీ తలూపింది. రుక్మిణి సిరాపెట్టె తెరిచింది. ముసలావిడ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీదికి తెచ్చింది.

"ఆఖర్ల ఏమున్నది?"

"ఏముంది, మామూలే. 'ఇట్లు తమ విధేయురాలు లక్ష్మమ్మ.'"

"విధేయురాలంటే?"

ఇన్నేళ్ళుగా ప్రతి సెలవుచీటీ మీదా రాస్తున్న మాట, ఎవరూ అర్థం అడగలేదు, నేను చెప్పనూ లేదు. నోటికొచ్చింది చెప్పాను. "చెప్పిన మాట వినే మనిషి అని."

వేలు వెనక్కి పోయింది. కొంగుకు సిరా తుడుచుకుని రాట్నం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. రుక్మిణి బాపు మగ్గంలోంచి, "మొదటి రెండుపాలి గూడ గిట్లనే. ఆఖరి మాట అడుగుతది, అందరికి రాసేదే అని రాసేటోడు అంటడు, లేచిపోతది," అన్నాడు. మొదటి కాగితం ఉర్దూలో ఉందట, కింద ఫిద్వీ అని ఉంటుంది, అంటే మీ కోసం ప్రాణమిచ్చే దాసి. రెండోది తెలుగులో, తమ పాదదాసి. ఇన్నాళ్ళూ ఆమెకు సిరా అంటే భయమనుకున్నారు వీళ్ళు.

"అది ఉత్త మర్యాదే అవ్వా, దానికి అర్థమేం లేదు," అన్నాను. పొద్దున బాంచెన్‌కి నేను చెప్పుకున్న సమాధానం కూడా ఇదేనని అన్నాక తట్టింది. అది లేకపోతే కాగితం చెల్లదేమోనని భయం, అది ఉంటే వేలు పడదు. రేపు దాటితే జాగా పోతుంది. డెబ్భయ్యేళ్ళ మనిషి ఎన్నాళ్ళని ఒకరి వసారాలో ఉంటుంది?

చేసేది లేక సంచీలోంచి నా పుస్తకం తీసి, ఆ పిండి పిసికే చోటు తెలుగులో చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. రాట్నం మెల్లగా తిరుగుతోంది.

"ఆమెకు దెబ్బలు వడ్డయా?"

"పడ్డాయి."

"మల్ల పలికిందా?"

"లేదు."

"గిదంత ఎవరు రాసిచ్చిన్రు ఆమెకు?"

"ఎవరూ కాదు. తనే చదువు నేర్చుకుని తనే రాసుకుంది."

రాట్నం ఆగింది. "తనే రాసిందా? గట్లయితే కాయితం ఆఖర్ల ఏమని రాసుకుంది?"

పుస్తకం తిప్పి చివరి పేజీ చూశాను. అంతకుముందు వందసార్లు చూసిందే. "ఏమీ లేదవ్వా. పేరొకటే ఉంది."

"నాది గూడ గట్లనే రాయి," అంది లచ్చవ్వ.

కొత్త కాగితం మీద మొత్తం మళ్ళీ రాశాను. కింద లక్ష్మమ్మ అని, అంతే. ఆమె వేలిముద్ర వేసింది. ఏళ్ళ తరబడి నూలుపోగు ఒరుసుకుని బొటనవేలికి అడ్డంగా గాడి పడింది. కాగితం మీద ముద్ర మధ్యలో సన్నటి తెల్లగీత వచ్చింది.

శుక్రవారం

చావడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. తాసీల్దారు లోపల, బల్ల వేసుకుని గుమాస్తా బయట, అతని పక్కన ఎవరు ఎవరో చెప్పడానికి ఊరి పట్వారి. ఒక్కొక్కరి పేరు పిలుస్తున్నారు, నాకు నా క్లాసులో హాజరు పిలవడం గుర్తొచ్చింది. "ఎల్లయ్యా!" "బాంచెన్!" "సాయమ్మా!" "బాంచెన్!" నిన్నటిదాకా వినపడని మాట ఇవాళ ప్రతిసారీ చెవిలో గుచ్చుకుంది.

మా కాగితం వంతు వచ్చింది. పట్వారి తొంగిచూసి గుమాస్తాకి ఏదో చెప్పాడు. గుమాస్తా తలెత్తి, "గడీ లచ్చీ!" అని పిలిచాడు.

లచ్చవ్వ నా పక్కనే నిలబడి ఉంది. పలకలేదు.

"గడీ లచ్చీ! ఉన్నదా లేదా?"

రుక్మిణి బాపు వెనకనుంచి, "పలుకు లచ్చమ్మా, జాగా పోతది," అని గొణిగాడు. "ఉంది, ఇక్కడే ఉంది" అని అరవబోయాను. లచ్చవ్వ నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా. నేను నోరు మూసుకున్నాను. గుమాస్తా కాగితం తీసి రానివాళ్ళ కట్టలో పెట్టాడు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు గౌరవం, గర్వం ఏమీ కలగలేదు. మొండి ముసలిదాని మీద ఒళ్ళుమండింది. గుడిసె వేసుకునే జాగా కంటే ఒక పిలుపు ఎక్కువా అనుకున్నాను. పుస్తకంలో అయితే ఎంత బాగుందో ఈ పని! అప్పుడే, పిండి పిసికే ఆవిడ చుట్టూ కూడా ఇలాగే ఎవరో భయంతో నిలబడి ఉంటారని మొదటిసారి తోచింది.

అందరి పేర్లూ అయ్యాయి. గుమాస్తా రానివాళ్ళ కట్ట మళ్ళీ విప్పాడు. ఈసారి పట్వారి టీ తాగడానికి పోయి ఉన్నాడు. గుమాస్తా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"లక్ష్మమ్మ."

"ఉన్న," అంది లచ్చవ్వ.

మామూలు గొంతే. నడుచుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళింది. గుమాస్తా ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇంతసేపు పిలిస్తే ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

అతను ఇంకేదో అనబోయి, కాగితం చూసి ఆగాడు. తిరగేసి వెనక చూశాడు. మళ్ళీ ముందు చూశాడు. "ఆఖర్ల విధేయురాలు ఏదీ? ఉత్త పేరే ఉంది. కింద ఉన్న ఈ మనిషి ఎవరమ్మా?"

లచ్చవ్వ చేయి చాపి, కాగితం మీద ముద్ర పక్కనే తన బొటనవేలు ఆనించింది.

"ఈడ నా వేలున్నది గద సారూ. గది నేనే."

గుమాస్తా ఆ గీత పడిన ముద్ర వంక, గీత పడిన వేలి వంక చూశాడు. కార్యాలయం ముద్ర సిరాలో అద్ది, దాని పక్కన కొట్టాడు.